దిద్దిన గీతలను చెరిపేసిన గౌరవం

మా డ్రాయింగ్ సారు పోయారు. కరీంనగర్ బస్టాండు పక్క సందులో బట్టలు కుట్టే టైలర్ భాయి పొద్దున్నే ఫోన్ చేసి, "బ్రదర్ సాబ్, సారు లేడు" అని మాత్రం చెప్పాడు. ఆ రోజే రాసి ఉంటే ఈ నాలుగు మాటలు ఏడుస్తూ రాసేవాణ్ని. పదకొండో రోజు సంతాపసభలో చూసింది చూశాక, కోపంతో రాస్తున్నాను. చదివేవాళ్లు క్షమించినా సరే, క్షమించకపోయినా సరే.

నేను పాస్టరును కాను. ఏ బోధకుల బడిలోనూ చదవలేదు. నాకు నేనే కూడబలుక్కుని వాక్యం నేర్చుకుని, సంచిలో పరిశుద్ధ గ్రంథం పెట్టుకుని ఊళ్లు తిరిగేవాణ్ని. చదువురాని వాళ్ల కోసం గుడ్డ మీద బొమ్మలు వేసేవాణ్ని. లక్సెట్టిపేట అవతల ఒక ఊళ్లో, తప్పిపోయిన గొర్రెను భుజాన మోసుకొచ్చే కాపరి బొమ్మ విప్పాను. ముందు కూర్చున్న ఒక ముసలి గొర్రెలకాపరి దాన్ని కాసేపు చూసి, "అయ్యా, గా గొర్రెకు గాలి కొట్టిండ్రా? మోసేటోడు గట్ల నిటారుగ ఎట్ల నిలవడతడు?" అన్నాడు. జనం ఒకటే నవ్వు. ఆ రోజు నా బోధ ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ సిగ్గుతోనే సారు దగ్గరికి వచ్చాను. ఆయన సర్కారు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. శనివారం మధ్యాహ్నం బస్టాండులో నలుగురైదుగురిని పోగేసుకుని కూర్చునేవారు. మూట దింపేవాడు, బస్సు వెంట ఉరికేవాడు, పిల్లను చంకనెత్తుకున్న తల్లి, కంటికి ఎవరు కనిపిస్తే వాళ్లను ఒక్క నిమిషంలో గీయాలి. కళ్లూ ముక్కూ వద్దు. మనిషి ఎటు ఒరుగుతున్నాడో, ఒంటి బరువు ఎక్కడ దిగుతోందో పట్టుకుంటే చాలు. తర్వాత పుస్తకం పక్కవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు తప్పున్న చోట ఎర్ర పెన్సిలుతో ఒక్క గీత గీసి, ఎందుకో కింద రాయాలి. పొగడ్తకు మాత్రం చోటు లేదు.

అందరికంటే కొత్తగా వచ్చినవాడికి సారు తన పుస్తకమే ఇచ్చేవారు. మొదటి రోజు నా చేతికిచ్చి, "దిద్దు" అన్నారు. గురువు గీతను నేను దిద్దడమేమిటని, "బాగుంది సార్" అన్నాను. ఆయన పుస్తకం తీసుకోలేదు. "బాగున్నదన్నవంటే చూడనట్టే. మల్ల చూడు" అన్నారు. పెన్సిలు చెక్కిన పొట్టు కింద పడేయకుండా చొక్కా జేబులో వేసుకుంటూ, నేను గీత గీసేదాకా అట్లాగే కూర్చున్నారు.

ఇక నా పుస్తకం, మా గుంపులోనే ఉన్న టైలర్ భాయికి పోయింది. రోజంతా మనుషుల భుజాలూ నడుములూ కొలిచేవాడి కళ్లు అవి. "బ్రదర్ సాబ్, గీ బొమ్మకు షర్టు కుడితే హ్యాంగరుకు సరిపోతది గని మనిషికి సరిపోదు" అని, భుజం మీద ఒక్క వాలుగీత గీశాడు. నేను భగ్గుమన్నాను. మనిషిని మలిచినవాడి సంగతి నాకు చెప్పొస్తావా అని వాక్యం ఎత్తుకుని అతని మీద పడ్డాను. రెండు శనివారాలు అటువైపు పోలేదు.

మూడో వారం మా వీధి ప్రార్థన కూటానికి సారే వచ్చి వెనక కూర్చున్నారు. అయిపోయాక ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో నేనే, బోధ చెబుతున్నాను. "వేలు జనం మీదికి పోతున్నది, నువ్వు ఎనుకకు పోతున్నవు. జర చూసుకో" అన్నారు. అంతే, లేచి వెళ్లిపోయారు. ఇన్నేళ్ల నా బోధకు అంత సూటి దిద్దుబాటు ఏ పెద్దా చేయలేదు. మరుసటి శనివారం పోయి భాయికి నా పుస్తకం నేనే అందించాను.

ఇప్పుడు సభ సంగతి వినండి. సారు పాత విద్యార్థులు కొందరు హాలు మాట్లాడి, ఆయన పుస్తకాల్లోంచి బొమ్మలు తీసి ఫ్రేములు కట్టించారు. భాయీ నేనూ ముందుగా పోయి చూశాం. ఒక్కదాని మీదా ఎర్ర గీత లేదు. మేం రాసిన మాట లేదు. వెనక గదిలో సభ నడిపించే పెద్దమనిషి రబ్బరు పట్టుకుని, చివరి బొమ్మలో ఎర్ర గీత ఉందేమోనని వెతుకుతూ కూర్చున్నాడు. మిగతావాటి మీద ఎర్ర గీతతో పాటు సారు పెన్సిలు గీత కూడా లేచిపోతుంటే, పోయిన చోటల్లా నల్ల పెన్నుతో మళ్లీ గీశారట.

"సారు బొమ్మ మీద టైలరు దిద్దినట్టు కనవడితే చూసేటోళ్లు ఏమనుకుంటరు? సారుకు రాదనుకోరా?" అన్నాడు.

ద్వేషంతో చేసి ఉంటే ఇంత మంట ఉండేది కాదు నాకు. గౌరవంతో చేశాడు. సంచిలోంచి గ్రంథం తీసి అతని ముందు పెట్టాను. ఇందులో రాజు చేసిన పాపం రాసి ఉంది, గురువును ఎరగనని బొంకిన శిష్యుడి సంగతి రాసి ఉంది, ఇన్ని తరాల్లో ఏ భక్తుడూ మర్యాద కోసం దాన్ని చెరపలేదు, నీకెవరిచ్చారు ఆ అధికారం అని అడిగాను. గొంతు హాల్లోకి వినబడి ఉంటుంది. సారు భార్య లోపలికి వచ్చింది.

సంగతి భాయి చెప్పాడు. ఆమె చివరి బొమ్మను చేతిలోకి తీసుకుంది. అది ఆమె బొమ్మే. కుడి మోకాలి మీద చెయ్యి ఆనించి నేల మీది నుంచి లేస్తున్నట్టు సారు గీశారు. దాని మీద మేమెవరమూ ఎర్ర గీత గీయలేదు. ఆమె లేవడం చూసిన వాళ్లం కాదు గదా.

"గిది తప్పు" అంది. "కుడి మోకాలు నొస్తది నాకు. ఎడమ కాలి మీదనే లేస్త. ముప్పై ఏండ్లాయె."

"సారుకు చెప్పలేదా అమ్మా" అని అడిగాను.

"నన్నెన్నడు అడగలే" అంది.

ఊరందరి చేతా దిద్దించుకున్న మనిషి. ఈ మాట కూడా రాయకపోతే నేనూ ఆ రబ్బరు పట్టుకున్నవాణ్నే అవుతాను.

భాయి తన ఎర్ర పెన్సిలు ఇచ్చాడు. ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకుని, నడుము నుంచి ఎడమ మడమ దాకా లావుగా, వంకరగా ఒక్క గీత గీసింది. తర్వాత కాగితాన్ని సభ పెద్ద చేతిలో పెట్టి, "గిట్లనే పెట్టుండ్రి" అంది.

ఆ బొమ్మను గుమ్మం పక్కన తగిలించారు. పూలు పట్టుకుని వచ్చిన వాళ్లు దాని దగ్గర ఆగుతున్నారు. ఆ ఎర్ర గీత వెంట చూపు కిందికి దిగుతుంటే, తమకు తెలియకుండానే ఒక్కొక్కరూ ఎడమ కాలి మీదికి కాస్త ఒరుగుతున్నారు.