పిడికెడు బియ్యం

మొన్న ఆదివారం మా మందిరంలో ప్రేమవిందు, ప్రార్థనయ్యాక సంఘమంతా కలిసి తినే భోజనం. విజయనగరం నుంచి వంటవాళ్లు వచ్చి వండారు. మెతుక్కి మెతుకు ఆనకుండా తెల్లగా ఉంది అన్నం. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం రుచించలేదు. పంటి కింద ఒక్క పలుకైనా తగలలేదు మరి.

మా రోజుల్లో ప్రతి విశ్వాసి ఇంట్లోనూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి పేరున డబ్బాలో వేసేవాళ్లం. ఆదివారం డబ్బాలన్నీ ఒకే గంపలో గుమ్మరించి, ఒకే డేగిసాలో వండేవాళ్లం. ఒకరివి కోటా బియ్యం, ఒకరివి దంపుడు బియ్యం, కొత్తవి, పాతవి. సగం ముద్దయ్యేది, సగం పలుకుగా మిగిలిపోయేది. అయినా ఎవరూ వంక పెట్టేవారు కాదు. వాక్యం చదవడం నాకు మనవలు పుట్టాక వచ్చింది గానీ, సహవాసం అంటే ఏమిటో ఆ డేగిసా దగ్గరే తెలిసింది.

మా అమ్మ తమ్ముడు, చినమావ, కాలవ నీళ్ల తగువులో మా ఇంటాయన చెయ్యి పార కర్రతో విరగ్గొట్టాడు. ఎముక వంకరగానే అతుక్కుంది. మా ఆయన కేసు పెట్టలేదు. క్షమించానని మందిరంలో అందరి ముందూ చెప్పాడు. చినమావకి అదే మింగుడుపడలేదు, మందిరానికి రావడం మానేశాడు. ఆయన భార్య, మా అత్త, మాత్రం వారం వారం డబ్బా పట్టుకుని వచ్చేది. "నీ మొగుడు రాడేటే?" అని ఎవరైనా ఎత్తిపొడిస్తే, "ఆయన్ది కూడా నానే తెచ్చాను. పెద్ద పిడికిలే, సూడు" అని నవ్వేది.

ఆ అత్త జ్వరమొచ్చి పోయింది. "సంఘమోళ్లు నా గుమ్మం తొక్కరు. నానొక్కణ్నే మట్టి సేసుకుంటాను" అని చినమావ అరుగు మీద కూలబడ్డాడు. అందరం వెళ్లాం. శవపెట్టె ముందు కొస మా ఆయనే పట్టాడు, ఆ వంకర చేత్తోనే. చావింట్లో పొయ్యి వెలిగించరు గనక, ఆ వారం డబ్బాలన్నీ, అత్తది కూడా, కలిపి మందిరంలో వండి డేగిసా అక్కడికి మోసుకెళ్లాం. మా ఆయన అడ్డాకు విస్తరి వేసి వడ్డించాడు. చినమావ ముట్టలేదు.

"నానిరగ్గొట్టిన సెయ్యిరా అది. ఆ సేత్తో ఎట్టిన కూడు నాకెలా దిగుతాది?"

"దిగుతాది, తిను మావా. ఇందుల అత్త ఏసిన పిడికెడు కూడా ఉన్నాది. ఏరి పక్కనెడతావేటి?"

చినమావ మెతుకుల్ని వేలితో కదిపి చూశాడు. తర్వాత ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. "పలుకుగుందిరా" అన్నాడు. అని ఏడ్చేశాడు. పై ఆదివారం అత్త డబ్బా తనే పట్టుకుని మందిరానికి వచ్చాడు.

ఇప్పుడు ఆ ముగ్గురూ మందిరం వెనక మట్టిలో ఉన్నారు. కాలం నా పళ్లు చాలావరకు పట్టుకుపోయింది గానీ, ఆ పలుకు ఇంకా నా నోట్లోనే ఉంది.