బాపట్ల బీరువాలో దాచిన పంటి ఎక్స్‌రే

కృపగల దేవునికి స్తోత్రం! నా అవిశ్వాసాన్నే కాదు, విశ్వాసమనుకుని నేను మోసిన గర్వాన్ని కూడా భరించి, సరిదిద్ది, ఈ నాలుగు మాటలు రాసే ధైర్యమిచ్చిన మన ప్రభువైన యేసుక్రీస్తు నామానికే మహిమ!

సహోదరీ సహోదరులారా, నా పేరు ఎస్తేరు. తెనాలిలో చిన్న ఎక్స్‌రే సెంటరు నడుపుతున్నాను. పళ్ళ డాక్టర్లు చీటీ రాసి పంపితే ఎక్స్‌రే తీసి, ఫిల్ము మనిషి చేతికిచ్చి, బొమ్మను కంప్యూటరులో దాచడం మా పని. సెంటరు తెరిచిన రోజున పాస్టరుగారు ఆ కంప్యూటరుకు నూనె రాసి ప్రార్థన చేశారు, ప్రతి ఏటా అదే రోజున మళ్ళీ చేయించేదాన్ని. బాపట్లలో ఉండే మా అక్క భర్త, కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన బావగారు, ఏ కాగితానికైనా నకలు తీయందే నిద్రపోని మనిషి. ఆయన వచ్చినప్పుడల్లా ఇందులోవన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి వేరేచోట పెట్టమని పోరేవారు.

"ఇది ప్రతిష్ఠించిన మిషను బావగారూ, దేవుడే చూసుకుంటాడు" అనేదాన్ని నేను.

"నూనె మిషనుకి రాశారు గానీ కరెంటుకి రాయలేదు గదమ్మా" అని ఆయన నవ్వేవారు.

ఆ నవ్వు నాకు ముల్లులా గుచ్చుకునేది. నకలు దాచుకోవడమంటే దేవుణ్ణి నమ్మకపోవడమేనని నేను గట్టిగా అనుకున్నాను, మహిళా సమాజంలో ఆ మాటే గొప్పగా చెప్పాను కూడా!

ఒక వానరోజు పిడుగు పడింది. కంప్యూటరు మాడిపోయింది, ఏళ్ళ తరబడి తీసిన బొమ్మలన్నీ పోయాయి. రిపేరు చేసే ఆయన విప్పి చూసి, "ఇందులోంచి ఏమీ రాదండి, ఆశ వదిలేసుకోండి" అన్నాడు. బావగారికి మాత్రం ఈ సంగతి తెలియనివ్వలేదు. ఫోను చేసినప్పుడల్లా అంతా బాగుందనే చెప్పాను. మూడు నెలలు అబద్ధమాడాను, సహోదరులారా.

అప్పుడే దూరాన ఒక నగరంలో, జనంతో నిండిన బస్టాండులో ఉగ్రవాదులు బాంబు పేల్చారు. ఆ ఆదివారం మేమంతా కొవ్వొత్తులు పట్టుకుని మౌనంగా నిలబడి, చనిపోయినవారి కోసం కన్నీళ్ళు పెట్టుకుని, ఇంటికి వెళ్ళి భోజనాలు చేశాం. సోమవారం పొద్దున్నే సెంటరుకు ఫోను వచ్చింది. రేపల్లె నుంచి సుజాత అనే చెల్లి.

"అక్కగారూ, మా ఆయన ప్రసాదు ఏసీలు బిగించే పనికని ఆ ఊరెళ్ళాడండి. గుర్తుపట్టలేని శవం పక్కన ఆయన సంచి దొరికిందంట. ఆ శవం ఆయనదే అంటున్నారు. రక్తపరీక్ష తేలేసరికి చాలా రోజులు పడుతుంది, పాత పళ్ళ ఎక్స్‌రే ఉంటే ఇవాళే చెప్తామన్నారండి. పోయినేడు మీ దగ్గరే తీయించాం. ఇల్లు మారినప్పుడు మా ఫిల్ము పోయింది. మా మామగారు షామియానా వేయించి, రేపే ఆదరణ కూడిక అంటున్నారు. మనిషి పోయాడో లేదో తెలియకుండా నాకు ఆదరణ ఏంటక్కా?"

సాయంత్రంలోగా చెప్తానని ఫోను పెట్టేసి, ఎక్స్‌రే తీసే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మోకాళ్ళూనాను. "ప్రభువా, నువ్వు చూసుకుంటావని నా పని నీ మీదికి తోసేశాను. అది విశ్వాసం కాదు, బద్ధకం, గర్వం. నన్ను శిక్షించు గానీ ఆ బిడ్డను చీకట్లో వదిలేయకు తండ్రీ!" అని ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు గానీ, ముందు బావగారి దగ్గర నిజం ఒప్పుకో అని నా హృదయంలో బలంగా అనిపించింది. డిస్కు బాగుచేసేవాళ్ళు ఎవరైనా ఆయనకు తెలిసి ఉంటారేమోనన్న ఆశ కూడా లేకపోలేదు. ఫోను చేసి అంతా చెప్పాను.

బావగారు అంతా విన్నారు.

"మూడు నెలలైందా? నోరు విప్పి చెప్తే ముత్యాలు రాలిపోతాయా మరదలా?" అన్నారు. "పిడుగు పడడానికి నెల ముందు నీకు చికున్‌గున్యా వచ్చినప్పుడు పదిరోజులు నేను సెంటర్లో కూర్చున్నానా? అప్పుడే అన్నీ ఎక్కించుకున్నా. చెప్తే నువ్వు వాక్యాలు చదివి తిడతావని ఊరుకున్నా. మా బీరువాలో, మీ అక్క పట్టుచీరల మధ్య ఉంది."

దేవునికే మహిమ! ఆయన దొరికిన రైలెక్కి మధ్యాహ్నానికి తెనాలిలో దిగారు. డిస్కును తువ్వాలులో చుట్టి పసిబిడ్డలా పట్టుకొచ్చారు. ప్రసాదు పేరు వెతికితే దొరికింది, నిరుడు తీసిన బొమ్మ, కింది దవడలో ఒక పన్ను పీకించుకున్న ఖాళీతో సహా! సుజాత ఇచ్చిన నంబరుకు, అక్కడి డాక్టరుగారికి పంపాం. రెండు గంటల తర్వాత సుజాత ఫోను. మాట కంటే ముందు ఏడుపు వినిపించింది.

"ఆయన కాదక్కా! ఆ మనిషికి కింది పళ్ళన్నీ ఉన్నాయంట!"

అప్పుడు పోలీసులు మిగతా ఆసుపత్రులన్నీ వెతికితే, ముఖమంతా కట్లతో, పేరు రాయని మంచం మీద, స్పృహ లేకుండా ప్రసాదు దొరికాడు. నెల తర్వాత ఇంటికి చేరాడు. ఒక చెవి వినపడదు, అయినా బ్రతికి ఉన్నాడు! హల్లెలూయా!

మరి నా కంప్యూటరు సంగతి? మా పాస్టరుగారు బైబిలులోని ఒక ప్రవక్తను గుర్తుచేశారు. పొలం కొన్నప్పుడు ముద్ర వేసిన క్రయపత్రాన్నీ, ముద్ర వేయని దాని ప్రతినీ మట్టికుండలో భద్రపరచమని ఆయనకు చెప్పింది దేవుడే కదా అన్నారు. ఇప్పుడు ప్రతి శనివారం అన్నీ రెండు డిస్కుల్లోకి ఎక్కిస్తాం. ఒకటి సెంటరులో తాళం వేసి ఉంటుంది, రెండోది బావగారు బాపట్ల తీసుకువెళతారు. నెలకోసారి తెరిచి, బొమ్మలు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూస్తాం, ఎందుకంటే తెరిచి చూడని నకలును నమ్మకూడదంటారు ఆయన. పిడుగు పడినా, నీళ్ళు వచ్చినా ఎవరు ఏం చేయాలో కాగితం మీద రాసి గోడకు అంటించాం. వ్యాపారాలు, ఆసుపత్రులు, బడులు నడిపే సహోదరులారా, ఈ పని ఈ వారమే చేయండి. అది అవిశ్వాసం కాదు, మన చేతికి అప్పగించినదాన్ని కాపాడటం.

ఇంకొక్క మాట. ఆ రోజు సుజాత ఫోను విని మేం సంతోషంతో ఏడుస్తుంటే బావగారు మెల్లగా, "మరి ఆ పోయిన అబ్బాయి ఎవరమ్మా?" అన్నారు. మా సంబరం ఆగిపోయింది. మన ప్రార్థన విని దేవుడు వాళ్ళ ప్రార్థన వినలేదని నేను ఎన్నటికీ అనలేను, అది నా బుద్ధికి అందే సంగతి కాదు. రేపల్లెలో సుజాత మాత్రం షామియానా తీయనివ్వలేదు. మర్నాడు అక్కడే కూడుకుని, పేరు తెలియని ఆ కుటుంబం కోసం అందరం ప్రార్థించాం.

ఇది చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం పత్రిక పక్కన పెట్టి, తల వంచి, నాతో కలిసి అడగండి: తండ్రీ, ఆ పోయిన అబ్బాయిని కన్న తల్లి ఎవరో మాకు తెలియదు, నీకు తెలుసు. ఆమె పక్కన కూర్చో. ఆమెకు అన్నం పెట్టే మనుషులను పంపు. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ, ఆమేన్.