కూతవేటు గారి వెబ్‌సైటు

ఆ రోజుల్లో బెజవాడలో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి మనిషినీ సాఫ్ట్‌వేర్ కిందే లెక్కేసేవారు. ఆరు నెలల కోర్సు చేసి, వన్ టౌన్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటు దగ్గర చేరిన నన్ను కూడా. ఆయన వెబ్‌సైటులో అమ్మకానికి వచ్చిన ఇళ్ళూ స్థలాలూ ఎక్కించడం నా పని. మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా అమ్మాయి సాఫ్ట్‌వేరండీ" అని చెప్పుకుంది. (నేనూ కాదనలేదు. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకూడదని మా ఇంట్లో నేర్పారు.)

మా ఏజెంటు గారికి ఆఫీసులో చాటుగా పెట్టుకున్న పేరు కూతవేటు గారు. ఆయన భూగోళంలో అన్నీ కూతవేటు దూరంలోనే ఉండేవి. మైలవరం అవతలి మామిడి తోట కూడా బెజవాడ బస్టాండుకు కూతవేటే. సైటులో ఏ ఆస్తి గురించి ఎలా రాయాలో ఆయనే నేర్పారు. ఇరుకు సందయితే ప్రశాంత వాతావరణం అనాలి. వానొస్తే మోకాలి లోతు నీళ్ళు నిలిచే స్థలమయితే నీటి కొరత లేనిది అనాలి. "అబద్ధం రాయొద్దమ్మా, కాస్త మంచి మనసుతో చూడు" అనేవారు. నేను ఎంత మంచి మనసుతో చూశానంటే, శ్మశానం ఎదురుగా ఉన్న స్థలానికి 'ఇరుగుపొరుగుతో గొడవలుండవు' అని రాసి ఆయన చేత శభాష్ అనిపించుకున్నాను.

చిక్కల్లా ఒక్కటే. ఆఫీసులో ఉన్నది ఒకే ఫోను, నెట్ నడిచేదీ దాని మీదే. నేను ఒక ఇంటిని సైటులోకి ఎక్కిస్తున్నంతసేపూ, ఇళ్ళు కొందామని ఫోను చేసినవాళ్ళకి ఎంగేజ్ కూతే వినపడేది. ఏడాది కావస్తున్నా సైటు చూసి కొన్న మహానుభావుడు ఒక్కడూ లేడు. చివరికి కూతవేటు గారు తేల్చేశారు: ఈ నెలాఖరులోగా కంప్యూటర్ వల్ల ఒక్క బేరమైనా కుదరకపోతే కంప్యూటర్‌నే బేరం పెట్టేస్తానని. అది పోతే నేనూ పోయినట్టే, మా అమ్మ సాఫ్ట్‌వేరూ పోయినట్టే.

అప్పుడు వచ్చింది సాయిబు గారి ఇల్లు. కింద ఇత్తడి సామాను కొట్టు, పైన కాపురం. ఇల్లు పాతబడింది, సందులోకి ఆటో రాదు, అమ్మేసి కొత్త ఫ్లాటుకు వెళ్ళిపోదామని ఆయన పట్టుదల. నేను ఫోటోలు తీయడానికి వెళ్తే ఆయన భార్య (చాచీ అని పిలవమన్నారు) టీ ఇచ్చి ఆ పైనున్న డాబా మీదికి తీసుకెళ్ళారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క కృష్ణ, పిట్టగోడ మీద పాత డబ్బాల్లో పుదీనా. ఆ ఒక్క ఇంటికీ నేను మంచి మనసు తెచ్చిపెట్టుకోవాల్సిన పని లేకపోయింది. చూసింది చూసినట్టు రాశాను. వారం తిరక్కుండా హనుమాన్ జంక్షన్ ఎరువుల వ్యాపారి బావమరిది ఎవరో నెట్ సెంటర్లో అది చూశాడు. వ్యాపారి గారు వచ్చి ఇల్లు చూసుకుని, ధర ఒప్పుకుని, సోమవారం పొద్దున్నే వచ్చి బయానా ఇస్తానన్నారు. నా ఉద్యోగం నిలబడింది. సోమవారం నేను కొత్త చున్నీ వేసుకుని వెళ్ళాను.

ఏడున్నరకల్లా అందరం సాయిబు గారి ముందుగదిలో కూర్చున్నాం. కూర్చున్నాక వ్యాపారి గారు వాచీ చూసుకుని, తొమ్మిది దాకా రాహుకాలమని చెప్పి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుండిపోయారు. సాయిబు గారు మర్యాదస్తులు, ఆగుదాం దానికేముందన్నారు. టీలు అయ్యాయి. ఎండల గురించి మాట్లాడుకోవడం అయింది. ఇంకా గంట ఉంది. అప్పుడు కూతవేటు గారికి తన సైటు గొప్ప చాటుకోవాలని బుద్ధి పుట్టింది. ఫైల్లోంచి ప్రింటు కాగితం తీసి, ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్పి వినిపించమని నా చేతికిచ్చారు.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. గోడలు మందం కాబట్టి రోహిణి కార్తెలో కూడా గదులు చల్లగా ఉంటాయని, అయిదు దాటితే డాబా మీదికి కృష్ణ గాలి వస్తుందని, చాప పరుచుకుంటే లేవబుద్ధి కాదని చదివాను. వ్యాపారి గారు తల ఊపుతున్నారు. సాయిబు గారు మాత్రం నన్నే చూస్తున్నారు.

"ఇది ఏ ఇల్లమ్మా?" అన్నారు.

"మీదేనండీ."

పొద్దున్నే కొట్టు తెరవడం, కట్టేశాక తిని పడుకోవడం తప్ప, డాబా ఎక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తున్నట్టు లేదు. తలుపు దగ్గర నిలబడిన చాచీ మెల్లిగా అన్నారు: "నేను చెప్తే ఎప్పుడన్నా విన్నారా? కాగితంలో వస్తేగానీ నమ్మరు."

ఆయన లేచి డాబా ఎక్కారు. ఎనిమిదింపావుకి ఎక్కిన మనిషి తొమ్మిదయినా దిగలేదు. రాహుకాలం వెళ్ళిపోయింది, వ్యాపారి గారు సంచీ విప్పారు, పుచ్చుకునేవారు లేరు. చాలాసేపటికి సాయిబు గారు దిగివచ్చి, చేతులు జోడించారు.

"ఏమనుకోకండి, నేను అమ్మనండీ. ఇంత మంచి ఇల్లు ఈ ధరకి మళ్ళీ నాకెక్కడ దొరుకుతుంది?"

వ్యాపారి గారు ఇంకొంచెం పైన వేస్తానన్నా ఆయన వినలేదు. నిజంగానే కూతవేటు దూరంలో ఉన్న ఆఫీసుకు నడిచి వచ్చాం. మెట్లెక్కేటప్పుడు మా కూతవేటు గారు, "ఉన్నదున్నట్టు రాయమని నీకెవరు చెప్పారమ్మా?" అని అడిగారు. నెలాఖరుకు కంప్యూటరూ వెళ్ళింది, నేనూ వెళ్ళాను. బాధేసింది, దాచుకోవడమెందుకు, చున్నీ అడ్డుపెట్టుకుని ఏడ్చాను కూడా. అమ్మ మాత్రం తొణకలేదు. అమెరికాలో ఏదో దెబ్బ తగిలి ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూసేస్తున్నారండీ అని చుట్టాలకు చెప్పేసింది.

ఇప్పుడు మాకూ ఒక ఫ్లాటు ఉంది. 'ప్రశాంత వాతావరణం' అన్న ప్రకటన చూసే కొన్నాను. (నవ్వకండి, ఆ మాటకు అర్థం తెలిసి కూడా కొన్నాను.) ఏటా వానాకాలం సందు మునిగినప్పుడల్లా మా ఆయన ఇల్లు అమ్మేద్దాం, నీకు చేతనైన విద్యే కదా, ప్రకటన రాయమంటారు. కూర్చుని రాస్తాను. పొద్దున్నే వంటింటి కిటికీలోంచి గట్టు మీద పడే ఎండ, కూర పొయ్యి మీద ఉండగానే ఎదురు ఫ్లాటావిడ తెచ్చిచ్చే కరివేపాకు, అన్నీ రాసి చదివి వినిపిస్తాను. ఆయన ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఇప్పటికి అలాంటివి నాలుగయ్యాయి. రాయడం అప్పుడే వచ్చింది గానీ, అమ్మడం మాత్రం నాకు ఇప్పటికీ రాలేదు.