నన్ను కానుకగా అడిగిన పెద్దమ్మ

నా చిన్నప్పుడు నాకు కుర్చీలంటే వింత. ఎవరు కూర్చోవచ్చో, ఎవరు కూర్చోకూడదో వాటికెలా తెలుస్తుందా అనుకునేదాన్ని. తెలంగాణలో ఒక దొరగారి గడిలో, అంటే కోటలాంటి ఇంట్లో, నీళ్లందించే పిల్లను నేను. దొరసాని పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు చీరలతో, పళ్లేలతో పాటు మా అమ్మనూ అరణంగా పంపారు. అలా వచ్చినవాళ్లను ఆడబాపలనేవారు. అమ్మ పోయాక ఆ చాకిరీ నాకొచ్చింది.

ఒకరోజు కలెక్టరుతో కలిసి పంచాయతీ సమితి అధ్యక్షురాలు భోజనానికి వచ్చింది. ఆమె కూడా ఒకప్పుడు అదే గడిలో ఆడబాపేనట. పారిపోయి, చదువుకుని, ఎన్నికల్లో గెలిచి తిరిగొచ్చింది. చెప్పులతోనే లోపలికి నడిచి కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు పైకప్పు కూలుతుందేమోనని పైకి చూశాను. కూలలేదు.

నీళ్ల చెంబు అందిస్తే ఆమె చెంబును చూడలేదు, నా ముఖం చూసింది.

"నీ పేరేంది బిడ్డా?"

నాకు వెంటనే గుర్తురాలేదు. అక్కడ అందరికీ నేను 'ఏ పిల్లా'నే.

గడిలో ఒక ఆచారం ఉండేది. పెద్ద అతిథి వెళ్లేటప్పుడు ఏం కావాలో దొర అడిగేవాడు. అడిగింది కాదనడం ఆ ఇంట నామోషీ. ఆమెకూ పట్టుచీర తెప్పించి అలాగే అడిగాడు.

"చీర వద్దు దొరా. ఈ పిల్లనియ్యి. నన్నూ ఇట్లనే ఇచ్చిండ్రు గద," అంది.

కాదంటే ఇంటి పరువు పోతుంది. కలెక్టరేమో తలెత్తి నావంకే చూస్తున్నాడు. "తీస్కపో," అన్నాడు దొర చివరికి.

ఆ పెద్దమ్మ నన్ను జీపులో పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇక ఈమెకు చెంబు మోయాలి కాబోలు అనుకుని, ఎప్పుడు లేవమంటుందోనని దారంతా సీటు అంచునే కూర్చున్నాను. ఆడపిల్లల హాస్టల్ ముందు దింపి, "నిన్ను నా కోసం అడగలే. బడికి పో," అంది. ఆ రోజు చాలా ఏడ్చాను. అది సంతోషమని తర్వాతెప్పుడో తెలిసింది.

చదివి నర్సునయ్యాను. ఇప్పుడు కెనడాలోని సార్నియాలో కూతురింట ఉంటున్నాను. మా బేస్‌మెంట్‌లో మన దేశం నుంచి చదువుకి వచ్చిన కాలేజీ పిల్లలు అద్దెకుంటారు. కారు దిగకుండానే కొనుక్కునే కాఫీ షాపు కిటికీలోంచి కప్పు అందించేదీ ఎక్కువగా అలాంటి మన పిల్లలే. నేను కప్పు అందుకునే ముందు ముఖం చూసి పేరడుగుతాను. "అమ్మమ్మా, పీపుల్ ఆర్ వెయిటింగ్," అని మనవరాలు విసుక్కుంటుంది.

నిన్న ఒక పిల్ల పూర్తి పేరు, ఊరి పేరు కూడా చెప్పి నవ్వింది. వెనక కార్లు వరసగా ఆగి ఉన్నాయి. ఆగనీ అనుకున్నాను.