మూత మీద ఏం రాసుంది

తోటి డ్రైవర్లు అతన్ని తాబేలు అనేవారు. అన్నేళ్ళు లారీ తోలినా, ఒక్కనాడైనా ముందున్న బండిని దాటిన పాపాన పోలేదు. "నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు కూడా నిన్ను దాటేస్తున్నారు, సిగ్గుగా లేదూ?" అంటే, "వాళ్ళకి తొందరుంది, నాకు లారీ ఉంది" అనేవాడు. అర్థంపర్థం లేని జవాబే. కానీ అడిగినవాడు మళ్ళీ అడిగేవాడు కాదు.

దేశాలు దాటే సరుకు అతనిది. లారీ తలుపులకి కస్టమ్స్ వాళ్ళ సీలు పడేదాకా సరిహద్దు యార్డులో పడిగాపులు కాయడమే ఆ ఉద్యోగంలో సగం. మిగతావాళ్ళు పేకాడుకునేవారు, గుర్రుపెట్టి నిద్రపోయేవారు. తాబేలు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, నేల చూపులు చూస్తూ యార్డంతా తిరిగేవాడు. సీసా మూతో, సబ్బు కాగితమో, విరిగిన రేకు బిళ్ళో, తనకి తెలియని లిపిలో నాలుగు అక్షరాలుంటే చాలు, చొక్కాకి తుడిచి జేబులో వేసుకునేవాడు. తర్వాత సీట్లో కూర్చుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసేవాడు. ఎంత చూసినా ఏం బోధపడేది కాదు. ఆ రాత తెలిసినవాళ్ళు పక్క లారీలోనే ఉన్నా, వాళ్ళని అడిగేవాడు కాదు. అడగాల్సిన మనిషి ఇంట్లో ఉంది మరి.

ఆవిడకి మాత్రం ఆ భాషలేం వచ్చు? ఇంట్లో కూర్చుని స్కూలు యూనిఫాంలు కుట్టే మనిషి. అయితేనేం, మొగుడు గుమ్మంలోకి రాగానే, బూట్లు విప్పకముందే, తెచ్చింది తెచ్చినట్టు కుట్టుమిషను మీద పెట్టాలి. ఆవిడ మిషను ఆపి, ఆ వస్తువుని కిటికీ వెలుతురుకి పట్టుకుని, గొంతు సవరించుకుని చదివేది. "దీన్ని ఇంత దూరం మోసుకొచ్చినవాడికి బుద్ధి లేదు. ఇంట్లో ఉన్నదానికి ఓపిక ఉంది." అక్కడితో ఆపి, "అని రాసుందండీ" అనేది, మొహంలో నవ్వన్నది కనబడనివ్వకుండా.

మొదట్లో అది ఉత్త సరదా. పోనుపోను ఆ ఇంట్లో చెప్పడానికి మొహమాటపడే సంగతులన్నీ ఆ దారినే రావడం మొదలెట్టాయి. వంటింటి కుళాయి కారుతోందని సబ్బు కాగితం మీద రాసుండేది. నీ అన్నయ్య వచ్చి నన్ను నానా మాటలూ అని పోయాడని సీసా మూత మీద రాసుండేది. మామూలుగా "మీరు" అని తప్ప పిలవని మనిషి, చదివేటప్పుడు మాత్రం "నువ్వు" అనేసేది. "ఏమే, నన్ను నువ్వంటున్నావే" అంటే, "నేనన్నానా? మూత అంది" అనేది. తాబేలు రెంచి తీసుకుని కుళాయి దగ్గరికి పోయేవాడు. వాళ్ళ సంసారం అలా నడిచింది. నోరు తెరిచి పోట్లాడుకునేవాళ్ళ సంసారాలకంటే బాగానే నడిచిందని చెప్పాలి.

చివరిసారి తెచ్చింది ఒక గుండ్రటి డబ్బా మూత. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు. ఆవిడ దాన్ని చాలాసేపు వెలుతురుకి పట్టుకుని కూర్చుంది. "ఈ ఒక్క ట్రిప్పుకీ వెళ్ళకు. ఇంట్లో ఉండు" అని చదివింది.

తాబేలు నవ్వాడు. "ప్రతి మూత మీదా ఇదే రాస్తారా ఏంటి? పోయినసారి కాగితం మీదా ఇదేగా ఉంది" అన్నాడు. ఆవిడ కూడా నవ్వి, మిషను తొక్కడం మొదలెట్టింది. మర్నాడు అతను లారీ ఎక్కాడు.

సీలు కోసం యార్డులో ఎదురుచూస్తుండగా ఫోనొచ్చింది. గుండె అన్నారు. కుట్టుమిషను ముందే ఒరిగిపోయిందన్నారు. అతను ఇంటికి చేరేసరికి చేయాల్సినవన్నీ అయిపోయాయి, వచ్చినవాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. తాబేలు కూడా రెండు కుర్చీలు మడతపెట్టి గోడకి ఆనించాడు. కంట నీటిచుక్క లేదు. బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాడేమిటని చుట్టాలు గుసగుసలాడారు. అతనికీ అదే అనిపించింది. ఏడుపు వస్తే బాగుండు అనుకున్నాడు గానీ రాలేదు. ఆకలి వేయలేదు, వేయకపోయినా తిన్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ లారీ ఎక్కాడు. ఇదివరకటి కంటే నెమ్మదిగా నడుపుతున్నాడని అందరూ అన్నారు. అంతకంటే నెమ్మది ఎలా కుదురుతుందో ఆ పెరుమాళ్ళకే తెలియాలి.

లోపల ఏ కదలికా లేదు గానీ, ఒక్క ప్రశ్న మాత్రం మిగిలింది. వెళ్ళకు అన్న ఆ మాట ఆవిడ నవ్వులాటకి అందా, నిజంగానే అందా? నవ్వులాటకైతే, పోయిన మనిషి పోయింది, తను బతికేయొచ్చు. నిజంగానే అయితే, వెళ్ళొద్దని అడిగిన భార్య మొహం మీద నవ్వేసి వెళ్ళిపోయాడన్నమాట.

ఆ మూత జేబులోనే తిరిగింది. ఒక మధ్యాహ్నం యార్డులో, పక్క లారీ మెట్టు మీద కూర్చుని, ఒక పరదేశపు డ్రైవరు సరిగ్గా అలాంటి డబ్బాలోంచే ఏదో తింటున్నాడు. అదే పసుపు, అవే ఎర్రటి అక్షరాలు. అన్నేళ్ళలో మొదటిసారి తాబేలు బయటివాణ్ణి అడిగాడు. మూత చూపించి, అక్షరాల మీద వేలు పెట్టి, ఏమిటన్నట్టు చెయ్యి తిప్పాడు.

ఆ డ్రైవరు వచ్చీరాని మాటల్లో ఒక్కొక్కటే చెప్పాడు. "చేప. నూనె. ఉప్పు." కింది వరస చూపించి, మూత లాగి తెరుస్తున్నట్టు సైగ చేశాడు. అంతే. పాపం, ఆకలేస్తోందనుకున్నాడో ఏమో, ఒక చేప ముక్క కూడా చేతిలో పెట్టాడు. తాబేలు తిన్నాడు. రుచి తెలియలేదు.

చేప, నూనె, ఉప్పు. అందులో వెళ్ళకు అన్న మాట లేదని అతనికి ముందే తెలియదా? తెలుసు. తెలిసీ అడగాలనిపించింది, ఎందుకో అడగకండి. మూతని అడిగితే తేలేది కాదని మాత్రం ఆ ముక్క నమిలేసరికి అర్థమైంది.

ఇంటికి చేరేసరికి కూతురు ఉంది. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. తల్లి పోయినప్పటినుంచీ పని అవగానే వచ్చి, వంట చేసిపెట్టి తన ఇంటికి పోతోంది. తాబేలు బూట్లతోనే లోపలికొచ్చి కూర్చున్నాడు.

"అమ్మకి ఒంట్లో బాగాలేదని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

కూతురు గిన్నె కింద పెట్టింది. ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని భయపడుతున్న మనిషిలా వచ్చి ఎదురుగా కూర్చుంది.

"తెలుసు నాన్నా. ఇక్కడి డాక్టరు పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నారు. నువ్వు తోడుంటే వెళ్తానంది. నాన్నని ఆగమని అడగమ్మా అంటే, అలా అడగడం నాకు అలవాటు లేదే అంది. పోనీ నేను చెప్తానంటే ఒప్పుకోలేదు."

"మరి నాకు..."

"ఆ ట్రిప్పుకి నువ్వు బయల్దేరాక వచ్చాను. చెప్పావా అమ్మా అంటే, చెప్పానే, అంది. మీ నాన్న నవ్వారు, అంది."

తాబేలు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"కోపమొచ్చిందా మీ అమ్మకి?"

"లేదు నాన్నా. వచ్చాక మళ్ళీ చదివి వినిపిస్తాలే, ఈసారి నవ్వకుండా చదువుతాను, అంది."

అప్పుడు ఏడ్చాడు.