టీచరమ్మగారు తెచ్చుకోవాలనుకున్న రెండో కుక్క

మా టీచరమ్మగారు పోయారన్న సంగతి నాకు చర్చి మైకులో తెలిసింది. పొద్దున్నే కోళ్ళకు నూకలు వేస్తుంటే, రోజూ వచ్చే పాట సగంలో ఆగిపోయింది. పాస్టరుగారు "సంఘస్థులందరికీ వందనాలు" అని కాసేపు ఆగారు. ఆయన అలా ఆగారంటే మా వీధిలో ఎవరో ఒకరు లేనట్టే. పాలు పోసే ఆమె తలుపు తడితే పలకలేదట. నిద్రలోనే ప్రభువు పిలుచుకున్నారట. నేను నూకల చేట పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందురోజు ఆరాధనలో ఆవిడ నా పక్కనే కూర్చున్నారు. కీర్తన ఎత్తేటప్పుడు ఎప్పటిలాగే శ్రుతికి కాస్త ముందే మొదలుపెట్టారు.

రాజోలు వైపు మా ఊళ్ళో నా వయసు ఆడవాళ్ళలో ఆవిడ దగ్గర సూది పట్టనివాళ్ళు తక్కువ. హైస్కూల్లో కుట్టుపని నేర్పేవారు. ఆదివారం బడిలో వాక్యం కూడా ఆవిడే చెప్పేవారు. నేను పదో తరగతితో చదువు ఆపేసినా ఆ రెండూ నాతోనే ఉండిపోయాయి. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పాఠం చెప్పేవారు. నోట్లో సూదులున్నంతసేపూ కోప్పడలేరు కాబట్టి మా అల్లరంతా అప్పుడే. కుట్టు వంకర పోతే మాత్రం సూదులు తీసి మెల్లిగా అనేవారు, "విప్పమ్మా. గుడ్డకేం కోపం రాదు."

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకండీ అని మేం అడిగితే, "కుదర్లేదమ్మా" అనేవారు, బస్సు దొరకలేదన్నంత తేలిగ్గా. రిటైరైన ఏడాది వానలో తడుస్తున్న ఊరకుక్క పిల్లనొకదాన్ని కొంగులో పెట్టుకొచ్చి పెంచారు. పండు అని పేరు పెట్టారు. ఆదివారం ఆవిడ లోపల ఆరాధనలో ఉంటే పండు చర్చి గేటు దగ్గర చెప్పుల మధ్య పడుకునేది. ఇప్పుడు దానికి పళ్ళు లేవు, చెవులు సరిగా వినపడవు. పాలన్నం మెత్తగా పిసికి పెట్టాలి.

కిందటి వానాకాలం పండుకి ఒళ్ళంతా పుండ్లు లేస్తే మందుకోసం అమలాపురం వెళ్ళారు. అక్కడ దిక్కులేని కుక్కల్ని చేరదీసే ఒకావిడ ఉన్నారు. ఆవిడ ఇంట్లో ఒక పొడవాటి ఆడకుక్కని చూశారు. సన్నటి మూతి, సన్నటి కాళ్ళు, లోపలికి పోయిన కడుపు, ఇసకరంగు. ఓడలరేవు దగ్గర రొయ్యల చెరువుల మీద దొరికిందట. ఎవరో కాపలాకని తెచ్చుకుని, చెరువులు ఎండగట్టినప్పుడు వదిలేసి పోయారట. మనకి తెలిసిన కుక్కలు వాసన పట్టి పోతాయి. ఇది అలా కాదట, దూరాన కదిలేదాన్ని కంటితో చూసి పరిగెత్తే వేటజాతి.

ఆ సాయంత్రం టీచరమ్మగారు తిన్నగా మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"అమ్మాయ్, ఇంకో కుక్కని తెచ్చుకుందామా అని ఉందే."

"ఉన్నదానికే నోట్లో పళ్ళు లేవు కదండీ. ఇంకోటెందుకండీ ఈ వయసులో?"

"ఎవరి వయసులో? నాదా, పండుదా?"

"ఇద్దరిదీనండి."

ఆవిడ నవ్వారు. "మా ఇద్దరికీ కాళ్ళు లాగేస్తన్నాయి కదా, పరిగెత్తేది ఒకటి ఇంట్లో ఉంటే బావుంటదని."

అంతవరకు నేను అది సరదా మాట అనుకున్నాను. కానీ ఆవిడ ఏదైనా కుట్టాలంటే ముందు కొలతలు తీసుకునే మనిషి. మర్నాటి నుంచి పెరడు కొలవడం మొదలుపెట్టారు. ఆ పెరటికి గోడ లేదు, కొబ్బరాకుల దడి కూడా సగం పడిపోయింది. మా కొబ్బరితోటల్లో ఎవరికీ గోడలుండవు. కుక్కలు, కోళ్ళు, పిల్లులు అన్నీ ఒకరి దొడ్లోంచి ఒకరి దొడ్లోకి తిరుగుతుంటాయి. అలాంటి చోట ఆ కుక్క ఒకసారి పరుగందుకుంటే మళ్ళీ దొరకదని అమలాపురం ఆవిడ ముందే చెప్పారట.

ఈ మధ్య మావాళ్ళకి కొత్త దడి అంటే వలే. రొయ్యల చెరువుల మీద పిట్టలు వాలకుండా కట్టిన పాత వలలు ఎవరి పాకలో చూసినా మూటలుగా పడుంటాయి. వాటితో పాదులకు కంచె కడతాం, కోళ్ళ గూళ్ళు కడతాం. టీచరమ్మగారు కూడా అవే అడిగి తెచ్చి, నైలాను దారంతో ఒకదానికొకటి కుట్టి, వెదురు కర్రలకు ఎత్తుగా కట్టించారు. దారిన పోయేవాళ్ళందరూ బావుందన్నారు. నాకూ బావుందనే అనిపించింది.

ఒక రోజు చూసి పోదామని అమలాపురం ఆవిడ కుక్కని ఆటోలో తీసుకొచ్చారు. వీధంతా చేరింది. దాని పక్కటెముకలు చూసి ఎదురింటి మరియమ్మగారు బుగ్గలు నొక్కుకున్నారు.

"ఇదేంటండీ టీచరమ్మగారండీ, దీనికి అన్నం చూపించి దాచేసేరా?"

"దీని ఒళ్ళే అంతమ్మా. నువ్వూ నేనూ ఒకలాగున్నామా?"

"ఆయ్, అదీ నిజమేనండి. నన్ను చూస్తే ఎవరూ జాలిపడరు," అని మరియమ్మగారు లోపలికెళ్ళి ఎండుచేప కూర కలిపిన అన్నం తెచ్చారు. ఆ కుక్క వాసన చూసి మర్యాదగా మొహం తిప్పుకుంది. పండు వచ్చి, పళ్ళు లేకపోయినా, అంతా నాకేసింది. రెండు కుక్కలూ ఒకదాన్నొకటి చూసుకుని ఊరుకున్నాయి. టీచరమ్మగారి ముఖం విప్పారింది.

అప్పుడే వల అవతల నుంచి మా కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తింది. ఆ కుక్క ఎప్పుడు కదిలిందో కూడా మేం చూడలేదు. తిన్నగా పోయి వలకి కొట్టుకుంది. మూతి చీరుకుపోయి, కాలు కన్నాల్లో ఇరుక్కుని, చిన్నపిల్లలా ఏడ్చింది. కన్ను కోడి మీదుంటే మధ్యలో ఉన్న నల్లటి సన్నదారం దానికేం కనపడుతుంది? చెరువుల దగ్గర బతికే మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. టీచరమ్మగారు దాని మూతిని ఒళ్ళో పెట్టుకుని రక్తం తుడుస్తూ ఒకే మాట అన్నారు. "తప్పు దానిది కాదమ్మా. దానికి కనపడేలా నేను కట్టలేదు."

కుక్క మళ్ళీ అమలాపురం వెళ్ళిపోయింది. ఇక వదిలేస్తారనుకున్నాం. ఆవిడ ఇంటింటికీ వెళ్ళి జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు అడిగారు. పొడుగు పీలికలుగా కత్తిరించి, జానెడు జానెడుకొకటి వలకి పట్టి కుట్టడం మొదలుపెట్టారు. ఎరుపు, పసుపు, తెలుపు, ఏదైనా సరే. మధ్యాహ్నాలు ముక్కాలి పీట వేసుకుని, పండుని పక్కన పడుకోబెట్టుకుని, కుట్టుకుంటూ సణిగినట్టు ప్రార్థన చేసుకునేవారు. ఇళ్ళల్లో పెట్టుకునే గృహకూడికలో ప్రార్థన మనవులు చెప్పమంటే, అందరూ జ్వరాలూ వీసాలూ చెబుతుంటే, ఆవిడ లేచి "కుక్క విషయం ఒకటుందండి" అనేవారు. నవ్వు ఆపుకోలేక మేం తలమీద ముసుగు ఇంకాస్త లాక్కునేవాళ్ళం. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకునే ఉండేవారు.

ఒక మధ్యాహ్నం నేను కూడా పీలికలు కత్తిరిస్తుంటే, తల ఎత్తకుండానే అడిగారు.

"అమ్మాయ్, పండు నాకన్నా ముందు పోద్ది. కొత్తగా వచ్చేది పోదు. నా తర్వాత దాన్ని నువ్వు చూస్తావా?"

మాకు కోళ్ళున్నాయి. మావారు ఖతార్ నుంచి తిరిగొచ్చాక ఆయాసంతో ఏ పనికీ వెళ్ళలేకపోతున్నారు. ఆ కోళ్ళే మాకు ఆధారం. ఆ కుక్కకి కోడి కనపడితే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను.

"ఇప్పుడే చెప్పకమ్మా," అన్నారు ఆవిడే. "ప్రార్థన చేసుకుని చెప్పు. లేదన్నా నాకేం బాధ లేదు. నువ్వు లేదంటే నేను తెచ్చుకోను, అంతే. ఒకసారి వదిలేసినదాన్ని రెండోసారి వదిలేసి పోకూడదు కదా."

నేను రోజూ ప్రార్థన చేశాను. అటు అవునని గాని, ఇటు కాదని గాని నాకేమీ తెలియలేదు. ఆవిడ ఎప్పుడూ తొందరపెట్టలేదు. నేను కనపడితే, "ముక్కలేమైనా ఉన్నాయా?" అని మాత్రం అడిగేవారు. అలా ఉండగానే, మైకులో పాట ఆగిపోయిన ఆ సోమవారం వచ్చింది.

సమాధి దగ్గర ఆవిడ నేర్పిన కీర్తనే పాడాం. పండు సమాధుల తోట గేటు దాకా వచ్చి, అక్కడ చెప్పులేవీ లేకపోయేసరికి, ఎక్కడ పడుకోవాలో తెలియక నిలబడిపోయింది. ఆ సాయంత్రం నేను దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాను. అందులో ఆలోచించాల్సిందేమీ లేదు.

ఆవిడ జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారు. ఆవిడ కుట్టిచ్చిన పెళ్ళిబట్టల గురించి, నేర్పిన వాక్యాల గురించి చెప్పారు. రెండో కుక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి అదేమీ జరిగిన సంగతి కాదు. అమలాపురం ఆవిడ వెనక వరసలో కూర్చున్నారు. పోతూ పోతూ నా చేయి పట్టుకున్నారు.

"టీచరమ్మగారు ఆగమన్నారని ఆ కుక్కని నేను ఇంకెవరికీ ఇవ్వలేదండి. ఇప్పుడు మండపేట నుంచి ఒకాయన అడుగుతున్నారు. బియ్యం మిల్లు దగ్గర కట్టేసుకుంటారంట. రేపు చెప్పాలండి ఆయనకి."

"గొలుసేసి కట్టేస్తారాండీ?"

"ఆయ్. కాపలాకండి."

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ ఆ సంగతి మావారికి చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ అన్నారు.

"ఆవిడ లేరు కదే. అడిగినావిడే లేకపోతే ఇక జవాబేంటి?"

"అడిగింది నన్నండి. నేనున్నాను కదండీ."

ఆయన దగ్గొచ్చి కంచం పక్కకు పెట్టారు. దగ్గు తగ్గాక అన్నారు, "ఒక్క కోడి పోయినా నేను నీతో మాట్లాడను."

"ఆయ్. అలాగేనండి."

"నాతో ఆయ్ అనకే, భయమేస్తది," అని చేయి కడుక్కోవడానికి లేచారు.

మర్నాడు టీచరమ్మగారి తమ్ముడి కొడుక్కి ఫోన్ చేశాను. "ఇల్లు ఎవరైనా కొనేవరకు దొడ్డి వాడుకో అక్కా" అన్నాడు. కొన్నాక ఏమిటో నేనూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పండుని వెంటబెట్టుకుని ఆటోలో అమలాపురం వెళ్ళాను. వచ్చేటప్పుడు ఆ కుక్క దారంతా నిలబడే ఉంది. ఆ పొడుగు కాళ్ళతో ఆటోలో ఎలా కూర్చోవాలో దానికి తెలియలేదు.

టీచరమ్మగారి పెరట్లో వదిలాను. ఒక వైపు వలకి ఇంకా పీలికలు కట్టలేదు. అక్కడ నేనే అడ్డంగా నిలబడ్డాను. అది మెల్లిగా ఇల్లంతా చుట్టి, తాళం వేసిన తలుపు దగ్గర కాసేపు ఆగింది. లోపల ఎవరూ లేరని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

తర్వాత అది నా దగ్గరికి నడిచొచ్చింది. నా వైపు చూడనైనా చూడకుండా, పక్కకి తిరిగి, ఒంటి బరువంతా నా తొడకి ఆనించి నిలబడింది. ఎముకలే తప్ప ఏమీ లేదనుకున్న కుక్క అంత బరువుంటుందని నేననుకోలేదు. పొద్దు వాలిపోతోంది. మా ఇంటి దగ్గర కోళ్ళు గూటికి చేరే వేళయింది, నేనెళ్ళి తలుపు వేయాలి. చర్చి గంట మోగింది. కదిలితే అది పడిపోతుందేమోనని నేనలాగే నిలబడ్డాను.