ఒడ్డుకు దిగిన కైట్

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇంటర్‌తో ఆగిన చదువును సీతాఫల్‌మండి గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా సాగించినవాణ్ణి. గాలుల గురించి, సముద్ర ప్రవాహాల గురించి అక్కడ దొరికినవన్నీ చదివాను. ఆ మధ్యాహ్నం నేను చూసినదానికి మాత్రం వాటిలో జవాబు దొరకలేదు.

మా తమ్ముడు సుధీర్‌కు కైట్‌సర్ఫింగ్ పిచ్చి. నడుముకు పట్టీ బిగించి, దాన్ని పెద్ద గాలిపటం తాళ్లకు తగిలించుకుని, కాళ్ల కింద పలకతో నీళ్లమీద దూసుకుపోయేవాడు. పోయిన ఏడాది విశాఖ అవతల ఒక రాళ్ల తీరానికి బయలుదేరాడు. వాడిమీద ఒక కన్ను వేసి ఉంచమని అమ్మ నన్నూ పంపింది.

కైట్‌ను దించడానికి ఒడ్డున మనిషి ఉండాలి. నీళ్లలో ఉన్నవాడు అరచేత్తో నెత్తి తట్టుకుంటే దించుతున్నాను, పట్టుకో అని. మనం అంచు పట్టుకుని, నేలమీద బోర్లా పెట్టి, ఎగిరిపోకుండా ఇసుక పోయాలి.

ఆ రోజు గాలి ఉధృతంగా ఉంది. నీళ్లు రాళ్లవైపు లాగుతున్నాయి, వద్దురా అన్నాను.

"లైబ్రరీల కూసొని ఈత నేర్చుకున్నవా అన్నా? జెర గీడ నిలబడు, చాలు" అని నవ్వుతూ వెళ్లాడు.

కాసేపటికి కొండరాయి వెనక్కి పోయి కనబడలేదు. చాలాసేపు చూశాను. చివరికి కైట్ ఇటు తిరిగింది. దాని కింద, నురగలో, సుధీర్. నెత్తి తట్టుకున్నాడు. ఆ చెయ్యి స్పష్టంగా చూశాను.

కైట్ ఊగిసలాట లేకుండా వచ్చి నా చేతికి అందింది. తాళ్లు బిగుతుగా ఉన్నాయి. ఇసుక పోసి తలెత్తితే నీళ్లలో ఎవరూ లేరు. తాళ్ల వెంట పరుగెత్తాను. మోకాటిలోతు నీళ్లలో, తాళ్ల చివర చేత్తో పట్టుకునే కడ్డీ ఒక్కటే తేలుతోంది.

ఇంతలో ఒక జాలరి పరుగున వచ్చాడు.

"బాబూ, ఆ కుర్రోడు మీవోడేనా? ఇందాకే అటేపు రాళ్లకి కొట్టుకున్నాడు. మావోళ్లు పడవలోకి లాగినారు. రండి."

ఊపిరి అప్పటికే లేదు. నడుము పట్టీకి తాళ్లు లేవు, తనే విడిపించుకున్నట్టుంది. వాణ్ణి పడవలోకి ఎత్తినప్పుడు కైట్ ఇంకా ఆకాశంలోనే ఉందని పడవలోని ముగ్గురూ చెప్పారు. మనిషి వదిలేసిన కైట్ అక్కడికక్కడే నీళ్లలో పడాలని, అలా వచ్చి చేతికి అందడం జరగదని, సుధీర్‌కు నేర్పినతను తర్వాత ఫోన్‌లో అన్నాడు. నా కళ్లు మోసపోయాయనుకోవచ్చు. చేతులు కూడా మోసపోతాయా?

వాణ్ణి మా లాలాగూడకు తెచ్చి సమాధి చేశాం. ఇప్పటికీ ఇంట్లో ప్రార్థన అయ్యాక అమ్మ అడుగుతుంది.

"ఆఖరికి సూసింది నువ్వే గద బిడ్డా. భయపడ్డట్టున్నడా?"

"దూరమమ్మా. మొహం కనబడలే."

ఆమెకు కావలసింది భయపడలేదన్న ఒక్క మాట. నేను చూసింది ఎవరినో తెలిస్తే ఆ మాట చెప్పేవాణ్ణి.